అసిపుత్రి, కొజుకా: ఆ ‘కొ’ బిడ్డా, చిన్నదా?

పాతపుటలు: అమరకోశంలో చిన్నకత్తి పేర్లు చెప్పే పాదం “చాసిపుత్రీ చ ఛురికా” దాకా వచ్చి ఆగిపోతోంది, చివరి అక్షరాలు నోటికి అందడం లేదు. ఒక మిత్రుని దగ్గరున్న పాత జపాను బాకుకు తెలుగులో వివరణ రాస్తున్నాను. పిడికీ అలుగుకూ మధ్య కాపుబిళ్ళ లేని ఐకుచి అది. మొన విరిగింది, పిడికి తొడిగిన టేకుచేప తోలు పగిలింది, పిడికి రెండు పక్కలా అమర్చే, జంటగా ఉండవలసిన మెనుకి బొమ్మలలో ఒకటే మిగిలింది. ఒర పక్కన గాడిలో దూర్చే చిన్న చాకు పిడి, అంటే కొజుకా మాత్రం నిలిచింది. ఈ మాటలో ‘కొ’ అంటే బిడ్డ అని విన్నాను. అదే నిజమైతే అసిపుత్రి, అంటే కత్తికూతురు, అన్న పేరు చక్కగా అమరుతుంది కదా?

తాటాకు: “స్యాచ్ఛస్త్రీ చాసిపుత్రీ చ చ్ఛురికా చాసిధేనుకా.” మీరు ‘చ ఛురికా’ అని రాశారు. హ్రస్వం మీద ఛకారం వస్తే ‘ఛే చ’ అనే పాణిని సూత్రంతో తుగాగమం, అంటే ముందు తకారం చేరడం, రావాలి గనుక అక్కడ ద్విత్వం తప్పదు.

గట్టుమీద: ద్విత్వం సంగతి అలా ఉంచి, అసలు పొరపాటు ‘కొ’ దగ్గర ఉంది. కొజుకాలో ఉన్నది ‘చిన్న’ అనే అర్థం గల అక్షరం. బిడ్డ అనే అర్థం గల ‘కొ’ను వేరే అక్షరంతో రాస్తారు. ఉచ్చారణ ఒకటే కావడం వల్ల మీకు చెప్పినవారు రెంటినీ కలిపేసి ఉంటారు. ‘త్సుకా’ అంటే పిడి, కాబట్టి కొజుకా అంటే చిన్నపిడి, అంతే.

తాటాకు: సంస్కృతంలో మాత్రం బంధుత్వమే కొలత. అసిధేనుకలోని ధేనువు పాలిచ్చే ఆవు కాదు. ఖడ్గధేనువులో లాగే సమాసం చివర చేరి చిన్నతనాన్ని చెబుతుంది. శిలాపుత్రం అంటే నూరుడు రాయి. మన రుబ్బురోటి పొత్రం ఆ పుత్రుడి నుంచే వచ్చిందని నా నమ్మకం.

గట్టుమీద: నమ్మకమే గాని నిరూపణ కాదు. అరవంలో కుళవి అంటే పసిబిడ్డ, పొత్రం కూడా; కనుక ఆ ఊహ పుట్టడానికి సంస్కృతం దాకా వెళ్ళనక్కరలేదు. మన పిల్లకాలువ, పిల్లవేరు ఏ సంస్కృతం నుంచి దిగాయి? పిల్లకత్తి అని రాయండి.

సోమయాజి అభిమాని: తిక్కనగారైతే అసిపుత్రిని కత్తికూన చేసి ఉండేవారు. పదిహేను పర్వాలలో ఆయన తెలుగు పలుకుబడికి ఇచ్చిన చోటు చూసినవారికి ఈ మాటలో వింత కనిపించదు.

తాటాకు: తిక్కనగారు అనని మాటను ఆయన పేరు మీద అమ్మకండి. కూన అంటే పులికూన గుర్తుకు వస్తుంది గాని మొన విరిగిన బాకు గుర్తుకు రాదు.

పాతపుటలు: ద్విత్వం దిద్దుకున్నాను. గట్టుమీద గారి మాట కూడా ఒప్పుకుంటున్నాను, కాని ఆ కొజుకానే మళ్ళీ భూతద్దంతో చూశాను. రాగిలో కొద్దిపాటి బంగారం కలిపి నీలినలుపు తేల్చిన షాకుదో రేకు మీద ఆవగింజకన్నా సన్నని బొడిపెలు వరుసలు తీరి ఉన్నాయి. కొన గుంటగా ఉన్న ఉలితో ఒక్కొక్క దెబ్బకు ఒక్కొక్క బొడిపె లేపే ఈ పనిని ననకొ అంటారు. వేళ్ళు తగిలే అంచు దగ్గర అవి అరిగి నున్నబడ్డాయి. ననకొను చేప, బిడ్డ అనే రెండు అక్షరాలతో రాస్తారు, అంటే చేప గుడ్లు. ఇక్కడి ‘కొ’ బిడ్డే కదా!

గట్టుమీద: ఇక్కడ బిడ్డే, ఒప్పుకున్నాను. మా వైపు దాన్ని చేపజన అంటాము. మీ వివరణలో ‘చేపజన పని’ అని రాస్తే చదివినవారికి వేలికొనల మీద తెలుస్తుంది. అయితే కొజుకా, కోగాయి (జుట్టు సర్దుకునే సూది), మెనుకి జంట ఒకే చేతిపనిగా వచ్చే మూడింటి కూర్పు ఉంటుంది. 15వ శతాబ్దపు గోతో యూజో వంశంవారు దానికి పేరుపొందారు. 1876లో కత్తి ధరించరాదన్న ఆజ్ఞ వచ్చాక ఇలాంటివి విడివిడిగా అమ్ముడుపోయాయి. మిగిలిన మెనుకి మీద ఉన్న బొమ్మా, కొజుకా మీద ఉన్న బొమ్మా ఒకటేనా?

పాతపుటలు: కొజుకా మీద కొంగ ఉంది. మెనుకి మీద ఉన్నది సింహమో కుక్కో తేలడం లేదు.

సోమయాజి అభిమాని: సింహమైతే కూన అనవచ్చు.

తాటాకు: కుక్కకూ కూన ఉంటుంది. అసిపుత్రి అనే రాయండి.