సీవీ పంపమన్నారు, నా దగ్గర ఉన్నది పనికొస్తుందా?

బొల్లారం కెమిస్ట్: అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ చేసి, నాలుగేళ్లుగా ఐడీఏ బొల్లారంలో ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడిపదార్థం) కంపెనీ ఆర్ అండ్ డీలో (పరిశోధన విభాగంలో) పనిచేస్తున్నాను. ఇప్పుడు మారదామని ఉంది. జీనోమ్ వ్యాలీలో ఒక కంపెనీ వాళ్లు 'అప్‌డేటెడ్ సీవీ' పంపమన్నారు. తార్నాకలోని ప్రభుత్వ కెమిస్ట్రీ పరిశోధన సంస్థ ఐఐసీటీలో ప్రాజెక్ట్ అసోసియేట్ పోస్టులు పడితే వాటికీ, వీలైతే జర్మనీలో పీహెచ్‌డీకీ ప్రయత్నించాలని ఉంది. నా దగ్గర ఉన్నది అమీర్‌పేటలో డీటీపీ షాపులో చేయించిన నాలుగు పేజీల ఫైలు ఒక్కటే. పైన ఫొటో, కింద తండ్రి పేరు, పెళ్లయిందా లేదా, చివర్లో 'పై వివరాలన్నీ నిజం' అనే డిక్లరేషన్ ఉన్నాయి. సీవీ అన్నారు కదా, అదే పంపేయొచ్చా? మా రూమ్మేట్ ఏమో పేజీ దాటితే ఎవరూ చూడరంటున్నాడు.

మాదాపూర్ హెచ్ఆర్: తమ్ముడూ, ఆ నాలుగు పేజీలు కంపెనీకి పంపొద్దు. మన దగ్గర ప్రైవేటు కంపెనీలు సీవీ అన్నా రెజ్యూమే అన్నా అడిగేది ఒకటే: ఒకటి రెండు పేజీల్లో నువ్వేం చేశావు, ఈ పోస్టుకు ఎలా సరిపోతావు అని. మేమే ఒక ప్రకటనలో సీవీ అని, ఇంకో దాంట్లో రెజ్యూమే అని రాస్తుంటాం. పెద్దగా ఆలోచించి కాదు. బ్రిటన్‌లోనూ కంపెనీ ఉద్యోగానికి సీవీ అంటే మామూలుగా రెండు పేజీలే. రెండింటినీ గట్టిగా విడదీసేది అమెరికా వాళ్లు. అక్కడ కంపెనీకి చిన్న రెజ్యూమే, యూనివర్సిటీకి వివరమైన సీవీ. కాబట్టి ఏ మాట వాడారని కాకుండా, ఎవరు అడిగారో చూడు.

నాలుగేళ్ల అనుభవానికి రెండు పేజీలు ఎక్కువేం కాదు. ఒక్క పేజీ మాట ఫ్రెషర్లకు సరిపోతుంది. ఫొటో, తండ్రి పేరు, పెళ్లి వివరాలు, డిక్లరేషన్ అన్నీ తీసెయ్. ఆధార్, పాన్ నంబర్లు ఉంటే అవి ముందు తీసెయ్. అవి ఆఫర్ వచ్చాక ఇచ్చేవి.

హబ్సిగూడ పోస్ట్‌డాక్: డిక్లరేషన్ తీసేయమనడం కంపెనీ వరకు సరే మేడమ్. ఐఐసీటీ లాంటి సీఎస్ఐఆర్ ల్యాబుల పోస్టులకు అలా కుదరదు. అక్కడ ప్రకటనతో పాటు దరఖాస్తు ఫారం ఇస్తే, దాంట్లో అడిగినవన్నీ నింపాల్సిందే. పుట్టిన తేదీ కూడా తప్పదు, ఎందుకంటే వయోపరిమితి ఉంటుంది. ఏ తేదీ నాటికి లెక్కిస్తారో ప్రకటనలో రాస్తారు, చూసుకో బ్రదర్. ప్రాజెక్ట్ అసోసియేట్-2కు ఎమ్మెస్సీ తర్వాత రెండేళ్ల పరిశోధన అనుభవం అడుగుతారు. నీకు నాలుగేళ్లు ఉన్నాయి కానీ, అనుభవ సర్టిఫికెట్‌లో 'ఆర్ అండ్ డీ' అని స్పష్టంగా ఉందో లేదో ఇప్పుడే చూసుకో. వట్టి 'కెమిస్ట్' అని ఉంటే ఇంటర్వ్యూ రోజు తలనొప్పి.

ఫారంతో పాటు సీవీ కూడా జత చేయమంటే, అప్పుడు పెద్దదే పెట్టు. ఎమ్మెస్సీ ప్రాజెక్టు, గైడ్ పేరు, నెట్, గేట్ స్కోర్లు, కాన్ఫరెన్సుల్లో పోస్టర్లు, పేపర్లు. పేపర్లు కొత్తవి ముందు, నీ పేరు బోల్డ్‌లో, డీఓఐతో (పేపర్‌ను ఆన్‌లైన్‌లో గుర్తించే నంబరుతో) సహా. పత్రికకు పంపి ఇంకా అంగీకారం రాని పేపర్‌ను అచ్చయిన వాటితో కలిపి రాయొద్దు, వేరే శీర్షిక కింద పెట్టు. ఇంటర్వ్యూ బోర్డులో కూర్చునేవాళ్లు ఆ తేడా ఇట్టే పట్టేస్తారు.

జర్మనీ పీహెచ్‌డీకీ దాదాపు ఇదే సీవీ. కాకపోతే ప్రొఫెసర్‌కి రాసే లేఖ విడిగా ఉండాలి, నీ గురించి చెప్పగల ఇద్దరి పేర్లు కావాలి. వాళ్లను ముందు అడిగి పెట్టు. ఫొటో తప్పనిసరి కాదు.

పటాన్‌చెరు ప్లాంట్ మేనేజర్: నేను ఇంటర్వ్యూలు చేస్తుంటాను కాబట్టి ఒక మాట. మా టేబుల్ మీదికొచ్చే ఫార్మా రెజ్యూమేల్లో సగం చోటు 'హెచ్‌పీఎల్‌సీ, జీసీ, జీఎంపీ పరిజ్ఞానం ఉంది' అనే వరసలే (మొదటి రెండూ ల్యాబ్ పరీక్ష పద్ధతులు, మూడోది తయారీ నాణ్యత నియమాలు) తింటాయి. అవి అందరికీ ఉంటాయి బాబూ. 'ఒక బీపీ మందు తయారీ మధ్య దశలో వచ్చే పదార్థానికి (ఇంటర్మీడియట్) సాల్వెంట్ మార్చి యీల్డ్ (దిగుబడి) 62 నుంచి 71 శాతానికి తెచ్చాం, 10 గ్రాముల నుంచి 5 కిలోలకు స్కేలప్ చేశాం, అందులో నా పని ఇది' అని ఒక్క వాక్యం రాస్తే పది నిమిషాలు దాని మీదే మాట్లాడతాను.

అయితే మాలిక్యూల్ పేరు, కస్టమర్ పేరు రాయొద్దు. నువ్వు సంతకం పెట్టిన కాగితాల్లో గోప్యత షరతు ఉండే ఉంటుంది. పాత కంపెనీ గుట్టు రెజ్యూమేలోనే విప్పినవాణ్ణి చూస్తే, రేపు మాదీ ఇలాగే విప్పుతాడు అనిపిస్తుంది.

మాదాపూర్ హెచ్ఆర్: సార్ చెప్పిన వాక్యం రెజ్యూమే పైభాగంలోనే రావాలి. ఇంకో సంగతి. చాలా కంపెనీల్లో ఫైలు మా కంటే ముందు సాఫ్ట్‌వేర్ చదువుతుంది. రెండు కాలమ్‌లు, టేబుళ్లు, హెడర్‌లో పెట్టిన ఫోన్ నంబర్ దానికి ఒక్కోసారి దొరకవు. డీటీపీ షాపువాళ్లు ప్రింట్ తీసి స్కాన్ చేసిన పీడీఎఫ్ ఇచ్చి ఉంటే అదింకా ఇబ్బంది, అది వట్టి బొమ్మ. నీ పీడీఎఫ్‌లో మొత్తం సెలెక్ట్ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడు. వరస తప్పకుండా వస్తే పర్లేదు.

బొల్లారం కెమిస్ట్: చాలా థ్యాంక్స్ మేడమ్, సార్, అన్నా. అంటే ఉన్నదంతా ఒక పెద్ద ఫైలులో రాసిపెట్టుకుని, కంపెనీకి దాంట్లోంచి రెండు పేజీలు తీయాలన్నమాట. ఇంకో డౌట్. మా కంపెనీ వేసిన ఒక పేటెంట్ దరఖాస్తులో నా పేరు కూడా ఉంది. వేసి పది నెలలైంది. రాయొచ్చా?

పటాన్‌చెరు ప్లాంట్ మేనేజర్: మన పేటెంట్ ఆఫీసు దరఖాస్తును మామూలుగా 18 నెలల తర్వాత ప్రచురిస్తుంది. అప్పటిదాకా అందులో ఏముందో బయటికి చెప్పకూడదు. ఇప్పటికి 'ఒక పేటెంట్ దరఖాస్తులో సహ ఆవిష్కర్తను' అని మాత్రం రాయి, టైటిల్ వద్దు. ఇంటర్వ్యూలో వివరాలు అడిగితే ఇంకా ప్రచురణ కాలేదని చెప్పు, తప్పు పట్టరు. ప్రచురించాక నంబరుతో సహా రెండు ఫైళ్లలోనూ చేర్చుకో. కంపెనీ రెజ్యూమేలో ఒక వరస చాలు. పీహెచ్‌డీ సీవీలో మిగతా ఆవిష్కర్తల పేర్లు కూడా ఇవ్వాలి.

మాదాపూర్ హెచ్ఆర్: ఫైలు పేరు 'సీవీ ఫైనల్ న్యూ 3' అని ఉంచకు. నీ పేరు, పోస్టు పేరు పెట్టు. నోటీసు పీరియడ్ ఎన్ని రోజులో మెయిల్‌లోనే రాసెయ్, ఎలాగూ ఫోన్ చేసి మొదట అడిగేది అదే. ఆఫీసు మెయిల్ ఐడీ నుంచి మాత్రం పంపొద్దు.