ఓపెన్-బ్యాక్ హెడ్‌ఫోన్ శబ్దాన్ని, కట్టుబడిని ఇంట్లో ఎలా తేల్చుకోవాలి?

కావలి మాస్టారు

అందరికీ నమస్కారం. నేను కావలిలో అధ్యాపకుడిని. కర్ణాటక సంగీతం, పాత సినిమా పాటలు వినడం ఇరవై ఏళ్ల అలవాటు. మూసి ఉన్న కప్పుల హెడ్‌ఫోన్‌తో ఈ ఎండల్లో చెవులు ఉడికిపోతున్నాయని, మొన్న ఆదివారం పినాకిని రైల్లో చెన్నై వెళ్లి ఒక దుకాణంలో పదిహేను వేల లోపు ధరలో ఓపెన్-బ్యాక్ (కప్పుల వెనక తెరిచి ఉండే) హెడ్‌ఫోన్ ఒకటి తెచ్చుకున్నాను. దుకాణంలో పది నిమిషాలు విన్నప్పుడు తాళం వేసే చప్పుడు, వయొలిన్ మీద కమాను గీత కూడా విడివిడిగా వినబడి, ఇంతకాలం ఇవన్నీ పోగొట్టుకున్నానా అనిపించింది. ఇంటికి వచ్చాక పరిస్థితి వేరుగా ఉంది. గంట వినేసరికి చెవులు అలసిపోతున్నాయి, మృదంగం ఎడమ ముఖం నుంచి వచ్చే బేస్ నాదం సన్నబడింది, తల తిప్పినప్పుడల్లా కుడి కప్పు దగ్గర కిర్రుమంటోంది. నేను కళ్లజోడు పెట్టుకుంటాను. పాటలు ఫోన్‌లోనే వింటాను.

కొత్తదనం వల్ల నాకు అలా అనిపిస్తోందా, వస్తువులోనే లోపం ఉందా, నేను వినే పద్ధతిలో తప్పుందా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. తిరిగి ఇవ్వడానికి ఇంకా 9 రోజుల గడువుంది. ఈలోపు ఏమేమి పరీక్షించాలో అనుభవం ఉన్నవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

ఒంగోలు శ్రోత

మాస్టారు గారూ, మీకు దుకాణంలో కలిగిన ముచ్చట, ఇంట్లో కలిగిన అలసట రెండూ ఒకే కారణం వల్ల వచ్చి ఉండవచ్చు. ట్రెబుల్‌ను, అంటే పైస్థాయి శబ్దాలను, కొంచెం ఎత్తి తయారుచేసిన హెడ్‌ఫోన్ పది నిమిషాల్లో ఎవరినైనా మెప్పిస్తుంది, గంటలో అలసట తెస్తుంది. ఓపెన్-బ్యాక్‌లలో ఇలాంటివి కొత్త కాదు. బేయర్‌డైనమిక్ డీటీ 990 ప్రోను ఇష్టపడేవారూ భరించలేనివారూ ముందుగా చెప్పేది ఆ పైస్థాయి పదును గురించే.

ముందు మూలం ఒకటి గుర్తుంచుకుందాం. 1968లో సెన్‌హైజర్ సంస్థ హెచ్‌డీ 414 అనే నమూనాను ఫోమ్ మెత్తలతో తెచ్చినప్పుడు, డ్రైవర్ (కప్పులో శబ్దం పుట్టించే భాగం) వెనక వైపును మూయకుండా గాలికి వదిలేయడమే అందులోని కొత్త ఆలోచన. వెనక్కి వెళ్లే శబ్దం కప్పులో తిరుగాడకుండా బయటికి పోతుంది కాబట్టి గొంతులు డబ్బాలోంచి వస్తున్నట్టు ఉండవు, చెవుల చుట్టూ చోటు పెరిగినట్టు అనిపిస్తుంది. అదే తెరుపు వల్ల, బాగా కింది స్థాయి (బేస్) స్వరాల్లో డ్రైవర్‌లో అదిరే పొర ముందు నుంచి వెలువడే అల, వెనక నుంచి వెలువడే అల ఒకదాన్నొకటి కొంత కొట్టేసుకుంటాయి. అందువల్ల ఈ రకం హెడ్‌ఫోన్లలో చాలావాటికి అట్టడుగు బేస్ కొంత తక్కువగానే ఉంటుంది. మీరు పోగొట్టుకున్న మృదంగ నాదంలో ఒక పాలు ఈ నిర్మాణం వల్లనే పోతోంది. మిగతా పాలు ఎక్కడ పోతోందో వెతకాలి.

శబ్దం విషయంలో నేను ఎప్పుడూ మొదట చేసే పని, పాతదాన్నీ కొత్తదాన్నీ ఒకే వాల్యూమ్ స్థాయికి తేవడం. రెండింటిలో ఒకటి ఒక్క డెసిబెల్ ఎక్కువ మోగినా మనసు దాన్నే మెరుగనుకుంటుంది. ఎక్కువ మోగుతోందని మాత్రం పసిగట్టదు. ఒక అట్టముక్కకు మధ్యలో రంధ్రం చేసి కప్పు మెత్త మీద ఆనించండి. ఆ రంధ్రం దగ్గర రెండో ఫోన్ మైకు ఉంచి, శబ్దస్థాయి చూపే యాప్‌తో పింక్ నాయిస్‌ను (పరీక్షలకు వాడే ఎడతెగని హోరు శబ్దం) కొలవండి. ఆ యాప్ చూపే అంకె నిజమైన డెసిబెల్ లెక్కకు సరిపోకపోయినా, రెండు హెడ్‌ఫోన్లను పోల్చడానికి పనికివస్తుంది. రెండూ ఒకే అంకె చూపేలా వాల్యూమ్ సరిచేసుకున్న తర్వాతే పాట పెట్టండి. ఇది చేయకుండా చెప్పిన అభిప్రాయాన్ని, అది నాదైనా సరే, నేను లెక్కలోకి తీసుకోను.

పాటల ఎంపికలో, మీకు కంఠతా వచ్చినంతగా తెలిసిన రికార్డింగులనే తీసుకోవాలి. మా ఒంగోలు పక్కన కరవదిలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి బిరుదు అందుకున్న షేక్ చిన మౌలానా గారి నాదస్వరం నాకు మొదటి కొలత. నాదస్వరం సహజంగానే గట్టి వాద్యం కాబట్టి, మధ్యస్థాయికి పైన ఎక్కడైనా అనవసరపు ఎత్తు ఉంటే పైస్థాయి పంచమం దగ్గర చెవిలో పొడుచుకున్నట్టు తెలిసిపోతుంది. ఆ గట్టిదనంలోనూ ఊదే ఊపిరి గుండ్రంగా నిలబడితే ఆ హెడ్‌ఫోన్ మంచిదని నా నమ్మకం. రెండో కొలత తంబూరా. తీగల కింద దూర్చే నూలు పోగు వల్ల పుట్టే ఝుంకారం, తీగ నాదంలోంచే పూచినట్టు వినబడాలి. ట్రెబుల్ ఎత్తిన హెడ్‌ఫోన్‌లో ఆ ఝుంకారం నాదం నుంచి విడిపోయి దోమ రొదలాగా పైన తేలుతుంది. మందకొడి హెడ్‌ఫోన్‌లో మొత్తం మొద్దుబారిన హోరుగా మిగులుతుంది. ఈ ఒక్క పరీక్షకు అయిదు నిమిషాలు చాలు. నాకు ఇది ఎన్నడూ తప్పుదారి చూపలేదు.

స్థాయి కలిపాక మూడు రోజులు కొత్తదాన్నే వాడి, నాలుగో రోజు పాతది పెట్టుకోండి. పాతది మూగగా అనిపిస్తే మీ చెవి కొత్తదానికి అలవాటు పడిందని అర్థం. హమ్మయ్య అనిపిస్తే మాత్రం ఆ అలసట నిజమైనదే.

పెన్నా గట్టు

నెల్లూరు నుంచి నమస్కారం. శ్రోత అన్నగారు చెప్పినదానికి, ముఖ్యంగా స్థాయి కలపడం గురించి చెప్పినదానికి, నేను పూర్తిగా తలవంచుతాను. అయితే మాస్టారు గారు కళ్లజోడు మాట ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు. నా దృష్టిలో బేస్ పోవడానికి పెద్ద కారణం అదే కావచ్చు.

వెనక ఎలాగూ తెరిచే ఉంది కదా, పక్కన కాస్త సందు ఉంటే ఏమవుతుందని చాలామంది అనుకుంటారు. డ్రైవర్ వెనక తెరిచి ఉండడం వేరు, చెవి వైపు మెత్త ముఖానికి అతుక్కోకపోవడం వేరు. కళ్లజోడు కాడ మెత్తను పైకెత్తిన చోట సందు పడి, చెవికి చేరవలసిన కింది స్థాయి శబ్దం ముందుగా అక్కడే జారిపోతుంది. ఎంత జారుతుందన్నది హెడ్‌ఫోన్‌ను బట్టి మారుతుంది కాబట్టి మీ దానిమీద మీరే చూడాలి. మృదంగం ఒంటరిగా వాయించే తని ఆవర్తనం ఒకటి పెట్టి, కళ్లజోడుతో ఒకసారి, తీసేసి ఒకసారి వినండి. తర్వాత కళ్లజోడు ఉంచుకునే రెండు కప్పులనూ వేళ్లతో మెల్లగా ముఖం వైపు నొక్కండి. నొక్కగానే ఎడమ వైపు నాదం నిండుగా వస్తే, లోపం డ్రైవర్‌లో లేదు, అతుకులో ఉంది. సన్నని కాడల కళ్లజోడు, లేదా ఇంకొంచెం మెత్తనైన ప్యాడ్లు దానికి మందు.

ఫోన్ సంగతి. హెడ్‌ఫోన్ విద్యుత్ నిరోధం 300 ఓములు, 250 ఓములు అని చూసి భయపడేవారు ఉన్నారు, 32 ఓములే కదా అని ధీమాగా కొనేవారూ ఉన్నారు. ఓముల సంఖ్య ఒక్కటే ఏమీ చెప్పదు. ఫోన్ నుంచి 1 వోల్టు వస్తుందనుకుంటే, 300 ఓముల హెడ్‌ఫోన్‌కు అందేది దాదాపు 3.3 మిల్లీవాట్లు, 32 ఓముల దానికి దాదాపు 31 మిల్లీవాట్లు. ఆ కాస్త శక్తితో అది ఎంత గట్టిగా మోగుతుందన్నది దాని సున్నితత్వం మీద ఆధారపడుతుంది. పెట్టె మీద ఆ అంకె మిల్లీవాటుకు ఇచ్చారా, వోల్టుకు ఇచ్చారా అని తప్పక చూడండి, ఆ రెంటినీ కలిపి పోల్చితే లెక్క తలకిందులవుతుంది. ప్లేనార్ రకాల్లో (చదునైన పలుచని పొరతో మోగేవి) ఓములు తక్కువగా ఉన్నా కరెంటు ఎక్కువ అడిగేవి ఉన్నాయి. మీ ఫోన్‌లో ముప్పాతిక వాల్యూమ్‌కే హాయిగా సరిపోతోందంటే ఆంప్లిఫయర్ కొనవలసిన పని లేదు. చివరిదాకా తిప్పినా చాలకపోతే అప్పుడు ఆలోచించవచ్చు.

ఒక మాట మన వాతావరణం గురించి. రోహిణి కార్తెలో మన వైపు సీలింగ్ ఫ్యాన్ లేకుండా పది నిమిషాలు కూర్చోలేము, ఓపెన్-బ్యాక్‌లోకి ఆ ఫ్యాన్ హోరు నేరుగా వస్తుంది. ఆ హోరు తంబూరా శ్రుతిని, బేస్ అంచును మింగేస్తుంది. దాన్ని జయించడానికి మనం వాల్యూమ్ పెంచుతాం, పెంచినకొద్దీ పదును పెరిగి చెవులు అలసిపోతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించిన హద్దు 80 డెసిబెల్స్ వద్ద వారానికి 40 గంటలు. స్థాయి పెరిగేకొద్దీ ఆ గంటలు వేగంగా తగ్గిపోతాయి. మీ చెవుల అలసటలో ఫ్యాన్ వాటా ఎంతో తెలుసుకోవాలంటే, తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి ఫ్యాన్ ఆపి, రోజూ వినే స్థాయి కంటే తగ్గించి ఒక కీర్తన వినండి. అసలు తీర్పు ఆ వేళ ఇవ్వాలి.

గొంతును పరీక్షించడానికి మా నెల్లూరు వాళ్లకు బాలు గారి గొంతు ఉండనే ఉంది. పదాల మధ్య ఆయన తీసుకునే ఊపిరి, నవ్వు కలిపి పలికే మాట ముఖానికి దగ్గరగా వినబడాలి. అలాగే స, శ, ష అనే మూడు అక్షరాలను గమనించండి. ‘స’లో శక్తి ‘శ’ కంటే పైస్థాయిలో ఉంటుంది కాబట్టి, ‘స’ వచ్చిన ప్రతిచోటా ఈల వేసినట్టు ఉండి ‘శ’ మాత్రం మామూలుగా ఉంటే ఎత్తు ఎక్కడ ఉందో మీకు చేతికి చిక్కినట్టే.

చీమకుర్తి

పెద్దలిద్దరూ శబ్దం గురించి చెప్పారు కాబట్టి నేను కట్టుబడికే పరిమితమవుతాను. మాది గ్రానైట్ ఊరు. రాతి పొడి ఇంట్లో దేన్నీ వదలదు. పైగా కొంతకాలం కొత్తపట్నం సముద్రపు ఒడ్డున పనిచేశాను. దుమ్ము, ఉప్పుగాలి ఈ రెండూ హెడ్‌ఫోన్‌ను ఏం చేస్తాయో దగ్గరగా చూసినవాణ్ణి.

నా మొదటి ఓపెన్-బ్యాక్ రెండు వానాకాలాలు కూడా నిండకముందే పాడైంది. మెత్తల లోపలి ఫోమ్ నల్లటి రవ్వలాగా రాలి చెవిలో పడేది. ఒకరోజు ఎడమ వైపు జర్‌మని మోత మొదలైంది. డ్రైవర్ చిరిగిందనే అనుకున్నాను. మెత్త ఊడదీసి టార్చి వేసి చూస్తే, పొర మీద నా తలవెంట్రుక ఒకటి వంకీగా నిలబడి, బేస్ వచ్చినప్పుడల్లా పొరకు తగిలి మోగుతోంది. పటకారుతో మెల్లగా తీశాను, మోత ఆగిపోయింది. అప్పటినుంచి మెత్తకూ డ్రైవర్‌కూ మధ్య పలుచని ఫోమ్ బిళ్ల లేని హెడ్‌ఫోన్‌ను నేను కొనలేదు. వ్యాక్యూమ్ క్లీనర్ దగ్గరికి తీసుకెళ్లకండి, ఆ పీల్పుకు పొర చెడిపోతుంది. కెమెరా వాళ్లు వాడే రబ్బరు బుడ్డితో ఊదితే చాలు.

మాస్టారు గారి కిర్రు సంగతికి వద్దాం. పాట ఆపేసి, హెడ్‌ఫోన్‌ను తలకు పెట్టుకోకుండా రెండు చేతులతో పట్టుకుని మెల్లగా విప్పి మూయండి. చప్పుడు కప్పును పట్టుకునే కొంకి దగ్గర వస్తోందా, పైకీ కిందికీ జరిపే పట్టీ దగ్గర వస్తోందా అని వేలు ఆనించి చూస్తే ఆ అదురు వేలికే తెలుస్తుంది. ప్లాస్టిక్, ప్లాస్టిక్ రాసుకుని వచ్చే కిర్రు చిరాకు తెప్పిస్తుంది గానీ ప్రమాదం కాదు. కొంకి మూలలో వెంట్రుకంత తెల్లటి గీత కనబడితే మాత్రం అది పగులుకు మొదలు, ఆ రోజే తిరిగి ఇచ్చేయండి. తర్వాత 20 హెర్ట్జ్ నుంచి 200 హెర్ట్జ్ దాకా మెల్లగా పెరిగే స్వరాన్ని తక్కువ వాల్యూమ్‌లో వినండి. మధ్యలో ఎక్కడైనా ఒక వైపు మాత్రమే గిలక్కాయలాగా మోగితే, వదులైన స్క్రూ గానీ వెంట్రుక గానీ ఉందని అర్థం. ఏదైనా పాటను మోనోలో (రెండు వైపులా ఒకే శబ్దం వచ్చేలా) పెట్టినప్పుడు గొంతు నుదుటి మధ్యలో నిలవాలి. ఒక పక్కకు ఒరిగితే కప్పులు తారుమారు చేసి పెట్టుకోండి. ఒరుగు కూడా పక్క మారితే లోపం హెడ్‌ఫోన్‌లో ఉంది, మారకపోతే మన చెవిలో ఉంది.

బరువు, బిగింపు కూడా కాగితం మీది అంకెలతో తేలవు. 250 గ్రాముల హెడ్‌ఫోన్ నడినెత్తి మీద ఒక్క చోటే ఆనితే, 370 గ్రాములది వెడల్పు పట్టీ మీద పరుచుకున్నదానికంటే ఎక్కువ నొప్పి పెడుతుంది. గంట తర్వాత నడినెత్తి మీద వేలితో నొక్కి చూసుకోండి.

అన్నిటికంటే నేను ఎక్కువ విలువ ఇచ్చేది, భాగాలు విడిగా దొరుకుతాయా, చేతితో మార్చుకోగలమా అన్నదానికి. 1997లో వచ్చిన హెచ్‌డీ 600 ఇప్పటికీ మనుషుల చేతుల్లో ఉండడానికి దాని శబ్దం ఎంత కారణమో, మెత్తలు, కేబుల్, పట్టీ మెత్త ఊడదీసి కొత్తవి తగిలించుకోగలగడం అంత కారణం. మెత్తలు నలిగి పలుచనైతే చెవి డ్రైవర్‌కు దగ్గరై శబ్దమే మారిపోతుంది, మన చెమటకు వాటిని తరచు మార్చక తప్పదు. మీ దానికి కేబుల్ ఊడుతుందా, మెత్తలు మన దేశంలో దొరుకుతాయా అన్న రెండు ప్రశ్నలకు జవాబు కనుక్కోకుండా గడువు దాటనివ్వకండి.

కావలి మాస్టారు

ముగ్గురికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. ఈ తెల్లవారుజామున ఫ్యాన్ ఆపి, పెన్నా గట్టు గారు చెప్పినట్టే కూర్చున్నాను. కళ్లజోడు తీయగానే మృదంగం ఎడమ వైపు నాదం సగానికి పైగా తిరిగొచ్చింది. ఆ సందు వల్ల ఇంత పోతుందని నేను ఎన్నడూ అనుకోలేదు. తంబూరా మాత్రం, స్థాయి కలిపాక కూడా, శ్రోత గారు చెప్పిన దోమ రొద లాగానే పైన తేలుతోంది. పాతదానిలో అది లేదు. ‘స’ వచ్చిన ప్రతిచోటా అదే పోటు.

కిర్రు కుడి కొంకిలోనే వస్తోంది. కిటికీ వెలుతురులో చూస్తే తెల్లగీత లేదు గానీ, స్క్రూ అరచుట్టు వదులుగా ఉంది, ఆ స్క్రూ తలకు సరిపోయే పనిముట్టు నా దగ్గర లేదు. కేబుల్ ఊడదు, మెత్తల గురించి దుకాణం వారిని ఫోన్‌లో అడిగితే విడిగా రావని చెప్పారు. అందువల్ల శనివారం బండికి చెన్నై వెళ్లి తిరిగి ఇచ్చేద్దామని నిశ్చయించుకున్నాను. ఈసారి అట్టముక్క, పాత హెడ్‌ఫోన్, చిన మౌలానా గారి రికార్డింగు వెంట తీసుకువెళ్తున్నాను.

ఒంగోలు శ్రోత

మంచి నిర్ణయం మాస్టారు గారూ. కళ్లజోడు మాత్రం పెట్టుకునే వినండి, ఇంట్లో మీరు వినేది అలాగే కదా.