‘జస్టిస్’ నాటకం జైళ్లను మార్చిందా?

పాతపుస్తకం: 1910 ఫిబ్రవరిలో లండన్‌లో ఇంగ్లిష్ రచయిత గాల్స్‌వర్దీ నాటకం ‘జస్టిస్’ ఆడింది. మొగుడి చేతిలో దెబ్బలు తింటున్న స్త్రీని తప్పించాలని గుమాస్తా ఫాల్డర్ 9 పౌండ్ల చెక్కును 90గా దిద్ది జైలుకు వెళ్తాడు. ఒంటరి కొట్లో అతను తలుపు బాదే రంగంలో ఒక్క మాటా ఉండదు. హోం మంత్రి చర్చిల్ ఆ నాటకం చూశాడు. ఆ ఏడాదే ఒంటరి నిర్బంధాన్ని ఎక్కువ మందికి ఒక్క నెలకు తగ్గించాడు. నాటకాల వల్ల ఏమవుతుందనే వాళ్ళకు ఇంకేం రుజువు కావాలి?

తెరచాటు: కావాలి. గాల్స్‌వర్దీ అంతకు ముందే జైళ్లు చూసి, 1909లో అప్పటి హోం మంత్రి గ్లాడ్‌స్టన్‌కు బహిరంగ లేఖ రాశాడు. తగ్గింపు ఆయన హయాంలోనే మొదలైంది. పని చేసింది ఉత్తరం, పేరు నాటకానికి.

గోదారిగట్టు: అంతకు ముందు ఎన్ని నెలలు ఉండేది?

పాతపుస్తకం: పాత నేరస్థులకైతే తొమ్మిది, తర్వాత మూడయింది. తెరచాటు గారూ, ఉత్తరం చదివి ఎవరూ ఏడవలేదు.

తెరచాటు: ఏడిస్తే ఏమిటి? మేము కాలేజీలో వరకట్నం మీద నాటకం వేశాం. ముఖ్య అతిథి కళ్ళు తుడుచుకుని నాకు శాలువా కప్పారు. ఆ వేసవిలోనే కొడుకు పెళ్ళికి ఇంటి స్థలం రాయించుకున్నారు.

సాయంత్రం: మా ఊళ్ళోనూ ఇదే కథ.

పాతపుస్తకం: దానికి గాల్స్‌వర్దీ ఏం చేస్తాడు? నాటకానికి బలమే లేకపోతే బెర్నార్డ్ షా నాటకం ‘మిసెస్ వారెన్స్ ప్రొఫెషన్’కు, నాటకాలను సెన్సార్ చేసే అధికారి లార్డ్ చాంబర్లిన్ అనుమతి ఎందుకు నిరాకరించాడు? 1893లో రాసింది ఇంగ్లండ్‌లో బహిరంగంగా ఆడింది 1925లో!

తెరచాటు: మరి ‘జస్టిస్’ను ఎందుకు ఆడనిచ్చారు? అందులో తప్పు జైలుది, కోర్టుది. షా నాటకంలో క్రాఫ్ట్స్ అనే పాత్ర వేశ్యాగృహాల పెట్టుబడి మీద 35 శాతం వస్తుందంటాడు. ఎంపీ అయిన తన సోదరుడు 600 మంది ఆడపిల్లల ఫ్యాక్టరీ మీద 22 శాతం తీసుకుంటున్నాడనీ గుర్తు చేస్తాడు. అది ముందు వరుసలో కూర్చునే డబ్బున్న వాళ్ళ ఆదాయం.

పాతపుస్తకం: ఆపింది లెక్కలు చూసి కాదు, వేశ్యావృత్తి అన్నందుకు. అసలు మీ కోపం నాటకం మీద కాదు, శాలువా కప్పినాయన మీద.

తెరచాటు: ఆయన మీదే. ఆయన హాయిగా చప్పట్లు కొట్టగలిగిన దాన్ని మీరు సామాజిక నాటకం అంటారు, నేను అనను.

పాతపుస్తకం: తొమ్మిది నెలలకు బదులు మూడు నెలలకే కొట్లోంచి బయటపడ్డ ఖైదీకి, చప్పట్లు కొట్టిందెవరో ఎందుకండీ?

తెరచాటు: ఆ ఆరు నెలలు ఉత్తరం ఖాతాలో రాయండి.