జనం కిక్కిరిసే భవనాలకు భద్రతా డిజైన్‌ను చట్టమే నిర్బంధించాలా?

బిల్డర్:
స్టేడియాలు, మాల్స్, స్టేషన్లు దాడులను తట్టుకునేలా కట్టాలని చట్టం చేయడం అతి అని నా అభిప్రాయం. ఫైర్ నిబంధనలు ఎలాగూ ఉన్నాయి. గార్డులు, కెమెరాల సంగతి యజమాని చూసుకుంటాడు. అన్నీ చట్టంలో రాసుకుంటూ పోతే భవనాలు కోటల్లా తయారవుతాయి.

స్ట్రక్చరల్ ఇంజినీర్:
గార్డును రేపు పెట్టుకోవచ్చండీ, స్తంభాన్ని రేపు పెట్టలేం. 1995 ఏప్రిల్ 19న అమెరికాలోని ఓక్లహోమా సిటీలో, ప్రభుత్వ కార్యాలయాలున్న ముర్రా ఫెడరల్ భవనం ముందు ట్రక్కులో బాంబు పేలి 168 మంది చనిపోయారు. ట్రక్కుకీ భవనానికీ మధ్య కొన్ని అడుగులే దూరం. ముందు వైపు పై అంతస్తుల స్తంభాల్లో సగం నేల దాకా వచ్చేవి కావు, మూడో అంతస్తు దూలం మీద నిలబడేవి. ఆ దూలం కింద ఆధారం పోయేసరికి పైన ఉన్నదంతా కూలిపోయింది. పేలుడు కన్నా ఆ కూలడమే ఎక్కువమందిని చంపింది.

పోనీ, బాంబుల మాట వదిలేయండి. 1968లో లండన్‌లోని రోనన్ పాయింట్ అనే అపార్ట్‌మెంట్ భవనంలో 18వ అంతస్తులో గ్యాస్ పేలి, భవనం మూల ఒకటి పైనుంచి కింద దాకా కుప్పకూలింది. నలుగురు పోయారు. ఒక చోట దెబ్బ తగిలితే భవనం మొత్తానికి పాకకూడదన్న నిబంధన బ్రిటన్‌లో వచ్చింది ఆ తర్వాతే. ఇలాంటివి యజమాని ఇష్టానికి వదిలితే ఎవరూ చేయరు. ఎందుకంటే బయటికి కనిపించవు.

బిల్డర్:
స్తంభాల సంగతి ఒప్పుకుంటాను. కానీ మాంచెస్టర్ అరీనా అనే కచేరీ వేదికలో జరిగిన బాంబు దాడి తర్వాత, జనం చేరే చోట్ల ఉగ్రదాడుల నుంచి రక్షణ కోసం 2025లో బ్రిటన్ చేసిన ‘మార్టిన్స్ లా’ అనే చట్టం 200 మంది చేరే చోట్లకు కూడా వర్తిస్తుంది. చిన్న హాళ్లవాళ్లు ఏమైపోవాలి?

స్ట్రక్చరల్ ఇంజినీర్:
200 నుంచి 799 మంది దాకా పట్టే చోట్ల గోడలు మార్చమని ఆ చట్టం అడగదు. జనాన్ని ఎలా బయటికి పంపాలి, తలుపులు ఎప్పుడు మూయాలి, ఎవరికి ఎలా చెప్పాలి అన్న పద్ధతులు ఉంటే చాలు. దాడి ముప్పు తగ్గించే ఏర్పాట్లు కూడా చేయాల్సింది 800, ఆపైన.

రిటైర్డ్ ఫైర్ అధికారి:
నా భయం వేరే. ఒకసారి తనిఖీకి వెళ్తే, వెనక ఎగ్జిట్ తలుపుకి గొలుసు చుట్టి తాళం వేసి ఉంది. ఎందుకని అడిగాను. “సెక్యూరిటీ కోసం సార్” అన్నాడు గార్డు. తాళంచెవి అతని దగ్గర లేదు. ఎవరి దగ్గరుందో కనుక్కోవడానికే చాలాసేపు పట్టింది. లోపల పొగ నిండి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

లోపలి నుంచి తోస్తే తెరుచుకుని, బయటి నుంచి తెరుచుకోని పానిక్ బార్ తలుపులు ఎప్పటినుంచో ఉన్నాయి. ప్లాన్ దశలోనే పెడితే గొలుసు అవసరమే రాదు. అందుకే చట్టం కావాలంటాను. కాకపోతే ఫైర్, సెక్యూరిటీ డ్రాయింగులను ఒకే బల్ల మీద పెట్టి, కలిపి చూసి అనుమతి ఇవ్వాలి. వేర్వేరుగా సంతకాలు పెడితే మళ్లీ ఆ గొలుసే వస్తుంది.

బిల్డర్:
కలిపి చూడటానికి నాకు అభ్యంతరం లేదు. మరి ఇప్పటికే కట్టేసిన భవనాల సంగతేంటి?

స్ట్రక్చరల్ ఇంజినీర్:
ముందు అద్దాలతో మొదలుపెట్టండి. ఓక్లహోమాలో చుట్టుపక్కల భవనాల్లో ఎంతోమంది ఎగిరిపడ్డ గాజుపెంకులకే గాయపడ్డారు. పాత అద్దాలకు సేఫ్టీ ఫిల్మ్ అతికిస్తే, పగిలినా ముక్కలు చాలావరకు దానికే అంటుకుని ఉంటాయి. దానికి గోడ పగలగొట్టే పని లేదు.