తమిళ ‘నల్ల’, మన ‘నల్ల’ ఒకటేనా?

పటమట కుర్రాడు:
మా ఆఫీసులో చెన్నై నుంచి వచ్చినతను ఏది నచ్చినా ‘నల్లా ఇరుక్కు’ అంటాడు, అంటే బాగుందని. మొన్న నా తెల్ల చొక్కాని కూడా అదే మాటతో మెచ్చుకున్నాడు! హైదరాబాద్ వాళ్లకేమో నల్లా అంటే మన కుళాయి. ఈ మూడూ ఒకే మాటలోంచి పుట్టాయంటారా?

రేగడి రైతుబిడ్డ, గుంటూరు:
ముమ్మాటికీ. మా వైపు నల్లరేగడి అంటే బంగారమే, పత్తికైనా మిర్చికైనా. నల్ల నేల మంచి నేల కాబట్టి నల్ల అంటే మంచి అయింది. అరవవాళ్లు మంచిని ఉంచుకున్నారు, మనం రంగుని ఉంచుకున్నాం.

బ్రాడీపేట మాస్టారు:
కథ బాగుంది గానీ, తమిళులు ఆ నల్లరేగడినే ‘కరిసల్’ అంటారు బాబూ. నలుపుకి వాళ్ల మాట ‘కరుప్పు’. దాని చుట్టాలు మనకీ ఉన్నాయి: కారుమబ్బు, కారుచీకటి. ఇక మంచి అనే ‘నల్ల’కి చుట్టం కన్నడంలో ఉంది. అక్కడ నల్ల అంటే ప్రియుడు, నల్లె అంటే ప్రియురాలు. రంగు ఊసే లేదు. అందుకే ఒక్క మాటని పట్టుకుని తేల్చెయ్యకూడదు, దాని ఇంటిల్లిపాదినీ చూడాలి. బరో, ఎమెనోల ద్రావిడ నిఘంటువు (రెండో కూర్పు, 1984) కూడా మంచి ‘నల్ల’నీ, రంగు ‘నల్ల’నీ వేర్వేరు పద్దుల్లోనే పెట్టింది. హైదరాబాద్ నల్లా అంటారా, అది గొట్టం అనే అర్థమున్న హిందీ ‘నల్’ నుంచి వచ్చింది.

కృష్ణలంక:
మరి ‘అవసరం’ సంగతేంటి మాస్టారూ? తమిళంలో తొందర, హిందీలో అవకాశం. అవీ వేర్వేరు మాటలేనా?

బ్రాడీపేట మాస్టారు:
కాదు. అది ఒకే సంస్కృత పదం, వెళ్లిన చోటల్లా అర్థం మార్చుకుంది. నల్లలు పుట్టుకతోనే వేరు. ఆమాటకొస్తే, అర్థం కలిసినా చుట్టరికం ఉండాలని లేదు. ‘బద్నాం’లోని పార్సీ బద్, ఇంగ్లీషు బ్యాడ్, రెండూ చెడ్డే. అయినా ఒకదానికొకటి ఏమీ కావు.

రేగడి రైతుబిడ్డ, గుంటూరు:
అర్ధరాత్రిని తమిళంలో ‘నళ్ళిరవు’ అంటారండీ. అందులో నలుపు లేదా?

బ్రాడీపేట మాస్టారు:
అక్కడున్నది ‘ళ’. మంచిలో ఉన్నది ‘ల’. తమిళంలో ఆ రెండూ కలవవు. పోనీ నళ్ళిరవులో నలుపు ఉందనే అనుకుందాం. అప్పుడు తమిళంలోనే నలుపుకో మాట, మంచికో మాట విడివిడిగా ఉన్నట్టేగా?