తీర్మానంలో క్రియ ముందా, చివరా?

ప్రశ్న (బొబ్బిలి): మాస్టార్లకు నమస్కారం. మాదిరి ఐక్యరాజ్యసమితి సభ (పిల్లలు దేశాల ప్రతినిధులుగా చర్చించే పోటీ) కోసం పిల్లలు తెలుగులో తీర్మానాలు రాస్తున్నారు. ఇంగ్లీషు నమూనాలో ప్రతి అంశమూ క్రియతో మొదలవుతుంది. అదే వరసలో రాస్తే “ఆందోళన చెందుతూ, హెచ్చరికలు ఆలస్యమవడం పట్ల” అని వస్తోంది, ఎబ్బెట్టుగా ఉంది. క్రియను చివరికి తెస్తే తీర్మానం రూపం చెడుతుందా?

జవాబు (విజయనగరం): చెడదమ్మా. తీర్మానమంతా ఒకే వాక్యం కావడమే దాని రూపం. క్రియ ముందుండడం ఇంగ్లీషు వాక్యానికి కావాలి, మనకి అక్కర్లేదు. కర్తను పైన ఒక్కసారే రాస్తారు. పీఠికలోని (నేపథ్యం చెప్పే) అంశాలు కామాతోనూ, అంకెలు వేసిన ఆచరణాంశాలు (సభ కోరే పనులు) సెమీకోలన్‌తోనూ ఆగుతాయి. చుక్క చిట్టచివర ఒక్కటే. బడి వ్యాకరణంలో చెబితే పీఠికలో అన్నీ అసమాపక క్రియలు, ఆచరణ భాగంలో అన్నీ సమాపక క్రియలు.

సర్వప్రతినిధి సభ,
విపత్తు ముప్పు తగ్గింపుపై 2015 నాటి సెండాయ్ చట్రాన్ని గుర్తుచేసుకుంటూ,
చిన్న ద్వీప దేశాలకు తుపాను హెచ్చరికలు ఆలస్యంగా చేరుతున్నాయని ఆందోళన చెందుతూ,
1. రాడార్ సమాచారాన్ని పొరుగు దేశాలతో పంచుకోవాలని సభ్యదేశాలను కోరుతోంది;

చివరి క్రియ కింద గీత గీయించండి, అధ్యక్ష స్థానంలో ఉన్నవారికి వెంటనే కనబడుతుంది.

పిల్లలు ఎక్కువగా తప్పేది ఇక్కడ. “హెచ్చరికలు ఆలస్యమవుతూ,” అని రాసేస్తారు. “-తూ” కి కర్త సభే కావాలి. ఆలస్యమవుతున్నవి హెచ్చరికలు, సభ కాదు కదా. “ఆలస్యమవుతున్నాయని” అని రాసి, ఆ తర్వాత సభ చేసే పని చెప్పాలి. ముగిసిన పనికి “-తూ” పనికిరాదు: నివేదిక చదవడం అయిపోతే “పరిశీలించి”. శత్రర్థకం (-తూ), క్త్వార్థకం (-ఇ) ఎందుకు నేర్చుకున్నామో ఇక్కడ తెలుస్తుంది!

ప్రశ్న (చీపురుపల్లి): ఒక అంశం కింద నాలుగు ఉపాంశాలుంటే? క్రియ చివర పెడితే అరపేజీ దాటాక గానీ కనబడదు.

జవాబు (విజయనగరం): అక్కడ మాత్రం పరిచయ వాక్యంలోనే క్రియను ముగించెయ్యాలి. “2. సభ్యదేశాలు కింది పనులు చేపట్టాలని కోరుతోంది:” అని, తర్వాత (అ) (ఆ) (ఇ). ఉపాంశాలన్నీ ఒకే తీరుగా ముగియాలి: పంచుకోవడం, నేర్పించడం, నిర్వహించడం. ఒకటి “పంచుకోవాలి”, ఇంకొకటి “నేర్పించడం” అయితే సవరణ పెట్టేటప్పుడు అతకదు.

జవాబు (శ్రీకాకుళం): నాదొక గట్టి అభ్యంతరం. చాలామంది పంచాయతీ తీర్మానాల పుస్తకం చూసి “కోరడమైనది”, “తీర్మానించడమైనది” అని రాయిస్తున్నారు. అది జరిగిపోయినదాన్ని నమోదు చేసే భాష, అందులో కర్త మాయమవుతుంది. ఇక్కడ సభ తానే మాట్లాడుతోంది గనక “కోరుతోంది” అనాలి. “కోరుతున్నాము” కూడా కాదు. ప్రతిపాదించిన దేశాలు “మేము” అనుకుంటాయి గానీ, ఆమోదం పొందాక అది సభ మాట. గిడుగు వారు పుట్టిన జిల్లాలో పిల్లల చేత “చేయుచు” అని కూడా రాయించకండి, “చేస్తూ” చాలు.

జవాబు (రాజాం): క్రియల బరువు కూడా చూడాలి. ప్రోత్సహిస్తోంది, కోరుతోంది, గట్టిగా కోరుతోంది, ఖండిస్తోంది: ఇది మెట్ల వరస. సర్వప్రతినిధి సభ సభ్యదేశాలకు సిఫారసు చేయగలదు, “ఆదేశిస్తోంది” అనకూడదు. భద్రతా మండలి “నిర్ణయిస్తోంది” అంటే మాత్రం సమితి చార్టరు 25వ అధికరణం ప్రకారం సభ్యదేశాలు దాన్ని పాటించాలి. పిల్లలకి ముందు ఏ సభ కిందకి వస్తారో అడిగి, ఆ తర్వాతే క్రియల పట్టిక ఇవ్వండి.

“గమనిస్తూ” గురించి ఒక మాట. దీనికి ఆమోదమనీ కాదు, అసమ్మతి అనీ కాదు అని సర్వప్రతినిధి సభే 2001లో 55/488 నిర్ణయంలో తేల్చింది. దాన్ని “పరిగణనలోకి తీసుకుంటూ” అని తెలుగు చేస్తే బరువు పెరిగిపోతుంది, ఒప్పుకోని దేశం ఆ ఒక్క మాటకే అడ్డం తిరుగుతుంది.

ప్రశ్న (నరసన్నపేట): మా ఉద్దానం కొబ్బరితోటలు తిత్లీ తుపానుకి పడిపోయిన సంగతి పీఠికలో పెట్టొచ్చా?

జవాబు (రాజాం): ప్రసంగంలో పెట్టండి బాబూ, అక్కడ బాగా పనిచేస్తుంది. పీఠికలో సభ మొత్తానికి చెందిన చార్టరు, పాత తీర్మానాలు, సమితి నివేదికలు ఉండాలి. నాలుగైదు చాలు. పది పీఠికలు, మూడు ఆచరణాంశాలు ఉన్న ముసాయిదా చర్చలో నిలబడదు.

జవాబు (శ్రీకాకుళం): ఇంగ్లీషు నుంచి తెచ్చే పిల్లలకి 242వ తీర్మానం చూపించండి. అరబ్బు దేశాలతో యుద్ధం తర్వాత ఇజ్రాయెల్ సేనల ఉపసంహరణ గురించి 1967 నవంబరు 22న భద్రతా మండలి దాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. “ఆక్రమించిన ప్రాంతాల నుంచి” అన్నచోట ఇంగ్లీషు పాఠంలో నిశ్చయార్థక ఉపపదం (the) లేదు, ఫ్రెంచి పాఠంలో “దె” (des, అంటే “ఆ ... నుంచి”) ఉంది. అన్ని ప్రాంతాలా, కొన్నా అన్న వాదం ఇప్పటికీ తెగలేదు. మనకి ఆ ఉపపదమే లేదు కాబట్టి, అన్నీ అని ఉద్దేశమైతే “అన్ని” అని రాసి తీరాలి. రాజీ కోసం కావాలని వదిలేస్తే వదిలేశామని ప్రతిపాదక దేశాలన్నిటికీ తెలిసుండాలి.

ప్రశ్న (బొబ్బిలి): “ఫ్రెండ్లీ అమెండ్‌మెంట్” ని స్నేహపూర్వక సవరణ అనొచ్చా మేష్టారూ?

జవాబు (విజయనగరం): వద్దు. అందులో స్నేహం ఏమీ లేదు, ప్రతిపాదకులందరూ ఒప్పుకుంటే ఓటు లేకుండా చేరిపోతుందనే అర్థం. “సమ్మత సవరణ” అనండి. ఒక్కరు కాదన్నా ఓటుకి వెళ్ళేది “అసమ్మత సవరణ”.