నాలుగు హెవీ గిటార్లు కలిస్తే ఒకే ముద్దగా వినిపిస్తున్నాయి

ప్రశ్న:
నమస్కారం. ఒక మెటల్ పాటకు నాలుగు రిథమ్ గిటార్ ట్రాకులు రికార్డు చేశాను. రెండింటిలో ప్రధాన రిఫ్ (మళ్ళీ మళ్ళీ వచ్చే స్వరాల వరస) ఉంది, మిగతా రెండింటిలో దానికి తోడుగా నడిచే వేరే వరస ఉంది. గిటారు ఒకటే, యాంప్ ఒకటే, క్యాబినెట్ (స్పీకర్ పెట్టె) ముందు పెట్టిన ఎస్ఎం57 మైక్‌ను కూడా మొదటినుంచి చివరిదాకా కదపలేదు. ఏ ట్రాకును సోలోలో (అదొక్కటే విడిగా) విన్నా ఎంతో బరువుగా ఉంది గాని, నాలుగూ కలిశాక ఏ గిటారు ఏమి వాయిస్తోందో వాయించిన నాకే తెలియడం లేదు. ఈక్యూలో (ఎంచుకున్న పౌనఃపున్యాలను పెంచే, తగ్గించే సాధనంలో) 300 హెర్ట్జ్ దగ్గర కోస్తే ముద్దతనంతోపాటు బరువు కూడా పోయింది. బరువు నిలుపుకొంటూ రెండు వరసలను విడదీసే మార్గం ఉంటే దయచేసి చెప్పండి.

జవాబు 1:
ఏదీ మార్చకుండా నాలుగుసార్లు రికార్డు చేశానని మీరే రాశారు కదా, అసలు చిక్కు అక్కడే ఉంది. నాలుగింటికీ ధ్వని స్వభావం ఒకటే అయినప్పుడు వాటిని వేరు చేసి పట్టుకోవడానికి చెవికి ఆధారం దొరకదు, తరువాత ఈక్యూతో ఎంత చెక్కినా ఆ ఆధారం పూర్తిగా రాదు. రిఫ్ ట్రాకులను అలాగే ఉంచి, రెండో వరసను వేరే పికప్‌తో (గిటారుపై తీగల కదలికను పట్టే భాగం), వీలైతే వేరే యాంప్‌తో మళ్ళీ వాయించండి. రెండో యాంప్ లేకపోతే మైక్‌నే జరపండి. స్పీకర్ కోన్ నడిమికి ఎదురుగా ఉన్న మైక్ పదునైన ధ్వనిని పడుతుంది, అంచు వైపు జరిపేకొద్దీ అది మెత్తబడుతుంది, రెండు సెంటీమీటర్ల జరుపుకే తేడా స్పష్టంగా తెలుస్తుంది.

గెయిన్ (యాంప్ ధ్వనిని ఎంతగా వక్రీకరించాలో నిర్ణయించే అమరిక) కూడా తగ్గించండి. డిస్టార్షన్ (ఆ వక్రీకరణ) పెరిగేకొద్దీ తీగపై పిక్ తగిలిన దెబ్బ అణగిపోతుంది, నాలుగు ట్రాకులు పేరుకున్నప్పుడు ఆ లోపం నాలుగింతలైనట్టు ఉంటుంది. సోలోలో కాస్త చాలనట్టు అనిపించే గెయిన్ మిక్స్‌లో సాధారణంగా సరిపోతుంది. యాంప్‌కు ముందు ట్యూబ్ స్క్రీమర్ తరహా పెడల్‌ను డ్రైవ్ దాదాపు సున్నాలో, లెవెల్ బాగా పైకి పెట్టి వాడేది ఇందుకే: యాంప్ వక్రీకరించకముందే కింది పౌనఃపున్యాలు తగ్గుతాయి కాబట్టి పామ్ మ్యూట్ (అరచేతి అంచుతో తీగలను అదిమి వాయించడం) బిగువుగా వస్తుంది.

జవాబు 2:
పై సలహాతో ఏకీభవిస్తాను, అయితే పరికరాలకన్నా ముందు మీ రెండో వరసలో ఏ స్వరాలు ఉన్నాయో చూడాలని నా అభిప్రాయం. డిస్టార్షన్‌లో రెండు స్వరాలు కలిసి వెళితే, వాటి పౌనఃపున్యాల తేడాకు సమానమైన మూడో స్వరం కూడా పుడుతుంది. పవర్ కార్డ్‌లో ఉండేవి షడ్జమ పంచమాలే. కింది ఇ తీగ 82.4 హెర్ట్జ్, దాని పంచమం 123.5 హెర్ట్జ్, తేడా సుమారు 41 హెర్ట్జ్, అంటే అదే ఇ స్వరం ఒక స్థాయి కిందికి దిగి పలుకుతుంది. పవర్ కార్డ్‌కు ఆ బరువు రావడానికి ఇదొక ప్రధాన కారణం. అదే షడ్జమానికి అంతర గాంధారం చేరిస్తే తేడా 21 హెర్ట్జ్ దగ్గర పడుతుంది, అది స్వరంగా వినిపించదు, గరగరగా మిగిలిపోతుంది. మీ తోడు వరసలో అలాంటి కార్డులు ఉంటే వాటిని విడగొట్టి, ఒక్కొక్క స్వరాన్ని ఒక్కొక్క ట్రాకులో వాయించండి, కుదిరితే ఒక స్థాయి పైకి తీసుకెళ్ళండి.

బరువంతా గిటారుదే అనుకోవడం కూడా పొరపాటే. బేస్ గిటారును మ్యూట్ చేసి, మీకు నచ్చిన మిక్స్‌తో పోల్చి చూడండి. గిటార్లకు 80 హెర్ట్జ్ దగ్గర హై-పాస్ (అంతకన్నా కింది పౌనఃపున్యాలను ఆపే వడపోత) పెట్టి ఆ చోటును బేస్‌కు వదిలేస్తే, 300 దగ్గర మీరు కోసినదాన్ని చాలావరకు తిరిగి తెచ్చుకోవచ్చు.

జవాబు 3:
రెండో మైక్ పెట్టమనే సలహా త్వరలోనే ఎవరో ఒకరు ఇస్తారు కనుక ముందే ఒక మాట. రెండో మైక్ మొదటిదానికన్నా 17 సెంటీమీటర్లు వెనక ఉంటే దానికి ధ్వని అర మిల్లీసెకను ఆలస్యంగా చేరుతుంది, ఆ రెండింటినీ సమానంగా కలిపితే 1000 హెర్ట్జ్ దగ్గర ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. గిటారు స్పష్టతకు కీలకమైన చోటది. ఒక టేక్‌ను కాపీ చేసి కొద్దిగా జరిపి ఎడమ, కుడి స్పీకర్లకు ప్యాన్ చేసినా (పంచినా), రెండు వైపులూ ఒకటిగా కలిసే మోనోలో ఇదే జరుగుతుంది. ఎడమకు ఒకసారి, కుడికి ఒకసారి విడిగా వాయించక తప్పదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. రెండో వరసను ఒక స్థాయి పైన, తక్కువ గెయిన్‌తో, విడి స్వరాలుగా మళ్ళీ రికార్డు చేశాను. ఈక్యూ ముట్టుకోకుండానే రెండు వరసలూ విడిపోయాయి. ఇక రిఫ్‌లో పామ్ మ్యూట్ వచ్చినప్పుడు మాత్రం 150 హెర్ట్జ్ దగ్గర గుమ్ మంటోంది, అక్కడ కోస్తే తెరిచి వాయించిన కార్డులు పలచబడుతున్నాయి.

జవాబు 1:
అక్కడ ఈక్యూ బదులు మల్టీబ్యాండ్ కంప్రెసర్ (ఎంచుకున్న పౌనఃపున్యాలు హద్దు మీరినప్పుడే వాటిని తగ్గించే సాధనం) వాడండి. 100 నుంచి 250 హెర్ట్జ్ వరకు ఒక్క బ్యాండ్‌నే తీసుకుని, మ్యూట్ చేసిన దెబ్బలప్పుడే మూడు నాలుగు డెసిబెల్‌లు తగ్గేలా థ్రెషోల్డ్‌ను (ఆ హద్దును) పెట్టండి, తెరిచిన కార్డుల దగ్గర అది దాదాపు కదలకూడదు.